టిఫిన్ ముందు ప్రార్థన

“ఎవరు సలోమీ ఈ అమ్మాయి?” కౌలాలంపూర్ హోటల్లో బఫే ప్లేటు టేబుల్ మీద పెడుతూ అడిగింది పాస్టరమ్మ.

సలోమి గబగబా నీళ్ల గ్లాసు అందుకుంది. “ఇక్కడే కలిసిందమ్మగారూ. కెనడా నుంచి వచ్చిందంట. తెలుగు పిల్ల, ఒక్కతే కూర్చుందని...”

పక్కనే ఉన్న హోప్ తల వంచుకుంది. అమ్మ సలోమి చర్చి వాళ్లతో టూర్‌కి వస్తోందని తెలిసి, కాల్గరీ నుంచి వచ్చి ఇదే హోటల్లో రూమ్ తీసుకుంది. అక్కడ చదువుకోవడానికెళ్లి, క్లాస్‌మేట్ పంజాబీ అబ్బాయిని పెళ్లి చేసుకున్నప్పట్నుంచీ నాన్న ఇంట్లో తన పేరెత్తనివ్వడు. ఇక్కడ అమ్మని కలిసిన సంగతి ఆయన చెవిన పడకూడదు. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ తననెప్పుడూ చూడలేదు.

“కెనడానా! సలోమి కూతురూ అక్కడే. రోజూ ఆ పిల్ల కోసం ప్రార్థిస్తున్నాం.” పాస్టరమ్మ కళ్లు మూసుకుంది. “ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు. దారి తప్పిన హోప్‌ని తల్లి దగ్గరికి చేర్చు. ఈ తల్లి కన్నీళ్లు తుడువు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ.”

“ఆమెన్.” హోప్ గొంతే పైకి వినిపించింది.

టేబుల్ కింద సలోమి చెయ్యి వెతుక్కుంటూ వచ్చి కూతురి చేతిని పట్టుకుంది.

“నీ పేరేంటమ్మా?” పాస్టరమ్మ అడిగింది.

టేబుల్ కింద సలోమి పట్టు బిగిసింది. అమ్మ ముఖంలోకి చూసింది హోప్.

“అనన్య, ఆంటీ.”

అమ్మ పట్టు సడలింది. మెల్లగా ఆ చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.

“ఆ హోప్ ఎక్కడైనా కనబడితే చెప్పమ్మా, వాళ్లమ్మ ఎదురుచూస్తోందని.”

“చెప్తానాంటీ.”