పోటు వేళ

"తలుపు తగిలిందిరా," అంది అక్క, వాచిన పెదవిని తడిగుడ్డతో అదుముకుంటూ.

"మొన్న మెట్టు తగిలింది. అంతకుముందు బీరువా. ఈ ఇంట్లో సామానంతా నీమీద పగబట్టిందా?" తమ్ముడు పళ్లు నూరాడు. "పోలీసులకు చెబుదాం పద."

"చెబితే ఎవరు నమ్ముతార్రా?"

నిజమే. వీధిలో మైకులో మోగుతున్న గొంతు బావదే. "ఇవాళ అమావాస్య. సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు నుంచి లాగుతున్నారు. మధ్యాహ్నం సముద్రం పోటు ముదిరే వేళకు భూమి కదులుతుంది. ఇళ్లలో ఒక్కరు కూడా ఉండకూడదు. అందరూ మైదానానికి నడవండి!"

ఊరికి ఆయన మాటంటే గురి. కిందటేడు కూడా ఇలాగే ఆటుపోట్ల లెక్కలు వేసి చెప్పాడు, చెప్పిన రోజే అలమరాల్లో గిన్నెలు దొర్లాయి. అప్పట్నుంచి ఆయన దేవుడు. ఆ దేవుడు ఇంటికొచ్చి ఏం చేస్తాడో అక్క పెదవికే తెలుసు. ఇంకోసారి చెయ్యెత్తితే అక్క బతకదని తమ్ముడికి భయం. ఆ భయమే ముదిరి పథకమైంది.

"నువ్వు పద. కిటికీలు మూసి వెనకే వస్తా," అన్నాడు.

అక్క వెళ్లగానే తమ్ముడు, బావ ఆటుపోట్ల లెక్కలు వేసుకునే చార్టుల చుట్ట తీసి బల్ల మీద కనిపించేట్టు పెట్టాడు. వాటిని వదిలి ఉండలేడు బావ, వాటికోసమైనా రాక తప్పదు. తమ్ముడి చేతిలో పెరటి గోడ నుంచి ఊడదీసిన ఇటుక ఉంది. ఈ ఇంటి ఇటుకే. ఇల్లు కూలాక ఎవడికి అనుమానం? బావ లెక్కను ఊరందరికంటే గట్టిగా నమ్మింది తనేనని తలుచుకుంటే నవ్వొచ్చింది.

వీధి ఖాళీ అయింది. కాసేపటికి తలుపు భళ్లున తెరుచుకుంది.

బావ చార్టుల వంక చూడనైనా లేదు. తిన్నగా వచ్చి తమ్ముడి చొక్కా పట్టుకుని చెంప ఛెళ్లుమనిపించాడు.

"చావాలనుందిరా నీకు? నడు!"

"అక్కను కొట్టినట్టు నన్నూ కొడతావా?"

"నోర్మూసుకుని నడవరా!" మెడ పట్టుకుని గుమ్మం వైపు ఈడ్చాడు.

పథకం పసిగట్టేశాడనుకున్నాడు తమ్ముడు. ఒళ్లు మండిపోయింది. ఇటుక లేచింది. మొదటి దెబ్బకు బావ మోకాళ్ల మీద కూలాడు. నెత్తురు కారుతున్న తల పట్టుకుని, "ఒరేయ్, టైం లేదురా..." అన్నాడు. రెండో దెబ్బకు ఆ మాట కాస్తా ఆగిపోయింది. మూడో దెబ్బ అక్క పెదవి గుర్తొచ్చి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు చేతికి తెలిసింది.

కుళాయి కింద ముఖం కడుక్కుని, ముందే తెచ్చిపెట్టుకున్న వేరే చొక్కా తొడుక్కుంటుండగా కాళ్ల కింద నేల ఉలిక్కిపడింది. గోడలు ఊగాయి. పెరటి తలుపులోంచి దూకి ఒకటే పరుగు. వెనక ఇల్లు పెళపెళా విరిగి కూలింది. బావ చెప్పిన వేళకే వచ్చింది. జనం హాహాకారాలు చేస్తుంటే మైదానం వెనక నుంచి వచ్చి వాళ్లలో కలిసిపోయాడు.

సాయంత్రానికి శిథిలాలు తవ్వి శవాన్ని తెచ్చి మైదానంలో పడుకోబెట్టారు. ఊరంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు.

"ఆయన పుణ్యమా అని ఊళ్లో ఇంకెవరికీ గోరంత గాయం కాలేదు. మరి తనే లోపలికెందుకు వెళ్లినట్టు?"

"చార్టుల కోసమై ఉంటుంది సార్. అవంటే బావకి ప్రాణం," అన్నాడు తమ్ముడు కళ్లు ఒత్తుకుంటూ. "నేను అక్క వెనకే వచ్చేశాను. ఇక్కడే ఉన్నా. తెలిసుంటే కాళ్లు పట్టుకునైనా ఆపేవాణ్ణి."

ఇన్‌స్పెక్టర్ తలాడించాడు. తమ్ముడి గుండె కుదుటపడింది. అక్కకిక ఏ తలుపూ తగలదు.

అప్పుడు అక్క శవం మీది నుంచి తలెత్తి అతని వంక వింతగా చూసింది.

"నువ్వింకా రాలేదని, నిన్ను లాక్కురావడానికే వెళ్లార్రా!"