పురుగుల అలక

సముద్రం బావుల్లోకి చొరబడ్డాక గవ్వలపేటకు ఒకటే దిక్కు మిగిలింది. అది ఊరి మురుగు తిని, కొబ్బరినీళ్లంత తియ్యటి నీరు వదిలే పురుగుల తొట్టి. ఆ పురుగులకు మహా రోషం. రోజూ ఇంటికో చెంబెడు బియ్యపు కడుగు పోయకపోతే అలిగి కూర్చుంటాయి.

ఒకనాడు పట్నం అధికారి తొట్టికి గొట్టం వేయించాడు. "ఈ నీళ్లు ఇకమీద ఒడ్డున కట్టిన రిసార్టుకే," అన్నాడు.

"అట్టుకెళ్లండి బాబూ," అంది తొట్టిని సాకే కొర్లమ్మ. "కడుగు కూడా ఆళ్లనే పొయ్యమనండి."

ఆమె మాట మీద పేటంతా కడుగు పోయడం మానేసి, పళ్ల బిగువున ఉప్పు బావినీళ్లే తాగింది. మూడోనాటికి తొట్టి కంపుకు కాకులు దారి మళ్లాయి. రిసార్టు కుళాయిల్లో నల్లబురద దిగింది.

నాలుగోనాడు అధికారే ముక్కు మూసుకుని చెంబెడు కడుగుతో వచ్చాడు.

కొర్లమ్మ కొంగు బిగించింది. "ఒక్క చెంబుకి ఏటవుతాది బాబూ? పేటంతా పొయ్యాల. ముందు ఆ గొట్టం పీకండి."