బతికున్నది ఒక్కటి

బేతంచెర్ల దాటి ఏ ఊళ్లో జీపు దిగినా జీవితకు అదే మాట ఎదురవుతోంది.

"ఇంగ పురుగు యాడుందమ్మా? అంతా మందు కొట్టేసినాము" అన్నాడు దేవేంద్రప్ప, తన శనగచేను గట్టున నిలబడి. దొంగను పట్టిచ్చినంత గర్వంగా అన్నాడు. కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చాడు. ఆమె గ్లాసు అలాగే గట్టు మీద పెట్టేసింది.

జీవిత పురుగుల శాస్త్రవేత్త. ఈ జిల్లాలో మునుపెన్నడూ లేని పచ్చ చారల పెంకు పురుగు ఒకటి ఆకులు తింటోందని కబురు వచ్చినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. అది నిజంగా ఆ పురుగేనా, ఎంత దూరం పాకింది, ఇక్కడి ఎండలకు తట్టుకుని గుడ్లు పెడుతోందా, ఇవన్నీ తేల్చాలి. తేల్చాలంటే బతికున్న పురుగు కావాలి. అదే దొరకడం లేదు.

ఆమె కంటే ముందు ఒక వాయిస్ మెసేజ్ ఊరూరా తిరుగుతోంది. కొత్త పురుగు వచ్చింది, కనిపిస్తే చాలు మందు కొట్టండి, లేకుంటే శనగ మిగలదని. ఆ గొంతు ఎవరిదో తెలియదు. ఆమె వెళ్లి నోరు తెరిచేలోపే ఊళ్లో పని అయిపోయి ఉంటోంది. కొందరు జాలిపడి డబ్బాల్లో పురుగులు పట్టి తెచ్చిచ్చారు. మూత తీస్తే ఒకదాంట్లో పేడపురుగు, ఇంకోదాంట్లో మిడత.

పై అధికారి ఫోన్లో విసుక్కున్నాడు. పురుగు ఇక్కడ నిలదొక్కుకుందనడానికి ఒక్క ఆధారమైనా లేకుండా ఢిల్లీకి ఏం రాయమంటావని అడిగాడు. ఆమె ఫోను సీటు మీదికి విసిరేసింది.

కోయిలకుంట్ల అవతల, ఏసుమణి అనే ఆమె చేను గట్టంతా వయ్యారిభామ కలుపు నడుములోతు పెరిగి ఉంది. చేతులు దురద పెడుతున్నా జీవిత అందులోకి దిగింది. ఆశ లేకుండానే ఒక కొమ్మ వంచి ఆకు తిరగేసింది.

అడుగున పసుపుపచ్చని గుడ్లు. పక్క కొమ్మకు గుంపుగా పురుగులు, పచ్చ చారలవి.

వెనక అడుగుల చప్పుడైంది. ఏసుమణి మందు ట్యాంకు వీపున తగిలించుకుని వస్తోంది. జీవిత అడ్డంగా నిలబడింది.

"కొట్టొద్దక్కా."

"పక్కకు జరుగమ్మా. మందు కలిపి తెచ్చినా. అవి నా శనగ మింద పడితే పూచీ ఎవురిది?"

"నాది."

ఏసుమణి ఆమెను ఎగాదిగా చూసింది. "నీకూ ఆ పురుగుకూ ఏం సంబంధం?"

వయ్యారిభామను తప్ప మరో ఆకును ముట్టని ఆ పురుగును ల్యాబులో పెంచి, పోయిన వానాకాలం బేతంచెర్ల బీళ్లలో వదిలిపెట్టింది జీవితే.