ఇంజిన్ లైటు ఆరడం లేదు

తణుకులో స్కూలు వ్యాను నడిపే దుర్గాభవాని మళ్లీ మెకానిక్ మస్తాన్ షెడ్డుకొచ్చింది. ఇంజిన్ లైటు ఆర్పిన మర్నాడే మళ్లీ వెలుగుతోంది. సెన్సార్లన్నీ మార్చినా అదే ఎర్రర్ కోడు. ఈసారి మస్తాన్ తనే బండి నడిపి చూశాడు. లైటు వెలగలేదు.

"తప్పు బండిది కాదక్కా. స్టీరింగు పట్టుకున్నవాళ్ల నాడి చూస్తుంది కదా. కొత్త బండ్లయితే ఒంట్లో బాగోలేదని నోటితో చెప్తాయి. ఈ పాతదానికి ఉన్నది ఈ ఒక్క లైటే. కోడు నీ గుండెది."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఈ పూటకి ఆర్పెయ్యి. పిల్లలు ఎదురుచూస్తుంటారు" అంది.

మస్తాన్ తాళం ఇవ్వలేదు. పిల్లల్ని తనే దింపుతానని చెప్పి, ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

దిగుతూ ఆమె, "చివరి సీట్లో పాపకి బెల్టు పెట్టుకోవడం రాదు. నువ్వే పెట్టాలి" అని మాత్రం చెప్పింది.