రేపు తప్పకుండా

"నోరు ఇంకాస్త పెద్దగా తెరవండి బాబాయ్‌గారూ. మొహమాటం వద్దు."

తాళాల పెద్దాయన తెరిచాడు. వీధి చివర కొట్టు పెట్టుకుని, తాళాలు బాగుచేసి, పోయిన తాళంచెవులకు మారుచెవులు చేసిచ్చే మనిషి. బ్రష్ తగిలితే చాలు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని, మెత్తటి బ్రష్ ఏదైనా చెప్పమని వచ్చాడు.

పళ్ళ డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది. పళ్ళకు గార లేదు, పుచ్చు లేదు. అయినా చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి ఎక్కివస్తున్నాయి. అంగిలి మీద ఊదారంగు చుక్కలు. అనుమానం వచ్చి ఆయన చొక్కా చెయ్యి పైకి జరిపితే, మోచేతి దగ్గర కమిలిన మచ్చలు.

"ఎక్కడ తగిలించుకున్నారు?"

"ఏమోనమ్మా, ఈమధ్య ఊరికే కమిలిపోతోంది. నీరసం కూడా. వయసు కదా!"

ఆవిడ గ్లవ్స్ తీసేసి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఇది బ్రష్ తప్పు కాదు బాబాయ్‌గారూ. రక్తంలో తేడా ఉన్నా చిగుళ్ళు ఇలా అవుతాయి. రక్త క్యాన్సర్ కొందరిలో మొదట నోట్లోనే బయటపడుతుంది. అదేనని నేననను, కాదనీ అనలేను. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది."

పెద్దాయన కుర్చీ పైన లైటు వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"నేనూ, నా తాళాలూ."

"తోడు లేరని ఎగ్గొడితే ఊరుకోను. పరీక్ష అయ్యేదాకా రోజూ సాయంత్రం ఫోన్ చేసి మీ బుర్ర తినేస్తాను."

"అయ్యాక?"

"అయ్యాక ఇక నాతో ఏం పని? పెద్ద డాక్టర్లే చూసుకుంటారు."

ఆయన తలూపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం షట్టరు దించుతూ ఫోన్ చేసింది.

"వెళ్ళారా?"

"రేపు తప్పకుండా వెళ్తానమ్మా. ఇవాళ కాళ్ళు లాగాయి. మీరు తిన్నారా?"

ఆ మర్నాడు వాన అన్నాడు. తర్వాత ఎవరిదో బీరువా తాళం పడిపోయిందన్నాడు. సాకులకు ఆయన దగ్గర కొదవ లేదు. సాకు చెప్పేసి మాట మార్చేవాడు. "మీ షట్టరు కిర్రుమంటోంది డాక్టరమ్మా, నాలుగు చుక్కలు నూనె వెయ్యండి" అనేవాడు. ఆయన వెనక ఏవో చక్రాల చప్పుడు, ఎవరో ఆడమనిషి గొంతు వినబడేవి.

"ఎవరండీ అక్కడ?"

"టీవీ అమ్మా. సీరియలు."

"సీరియళ్ళకు తీరిక ఉంటుంది గానీ పరీక్షకు ఉండదు!"

ఆయన నవ్వేసేవాడు. "ఉంటానమ్మా" అంటాడే గానీ, ఫోను కట్ చేయడం ఆయనకు చేతకాదు. ఆ పని కూడా ఆవిడే చేయాలి.

భర్త పోయాక ఆవిడ క్లినిక్ పైన గదిలో ఒక్కతే ఉంటోంది. పొద్దస్తమానం నోళ్ళతోనే పని, కానీ ఆ కుర్చీలో నోరు తెరిచినవాళ్ళెవరూ మాట్లాడలేరు. తిన్నారా అని అడిగే మనిషి ఈయనొక్కడే. కోపంగా మొదలైన ఫోను నవ్వుతో ముగిసేది, పెట్టేశాక గదిలో మళ్ళీ భయం మొదలయ్యేది. పోనుపోను ఆయన గొంతు సన్నబడుతోంది.

ఒక సాయంత్రం ఇక ఆగలేకపోయింది. క్లినిక్ ముందే మూసేసి, రెక్క పట్టుకుని లాక్కెళ్ళయినా పరీక్ష చేయించాలని బయల్దేరింది. కొట్టు మూసి ఉంటే, ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తలుపుకు పెద్ద ఇత్తడి తాళం వేసి ఉంది. గడప నిండా దుమ్ము. ఆవిడ అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనమ్మా. టీ పెట్టుకుంటున్నా."

ఆవిడ తాళం వంక చూసింది. ఒళ్ళు మండిపోయింది. జబ్బును ఒంట్లో పెట్టుకుని ఈ మనిషి ఎక్కడెక్కడ తిరుగుతున్నట్టు?

"పరీక్ష సంగతేం చేశారు?"

"రేపు తప్పకుండా..."

"ఆ రేపు వచ్చేసరికి మీరుండరు బాబాయ్‌గారూ! నాకు భయంగా ఉంది, మీకు తెలుస్తోందా?"



"నా కోసం భయపడేవాళ్ళు ఒకరున్నారు. అది చాలమ్మా. రేపు కూడా చేస్తారుగా?"

"మీరు వెళ్ళేదాకా చేస్తూనే ఉంటాను."

"ఉంటానమ్మా మరి."

కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ ఫోను కట్ చేయడం మరిచిపోయి అలాగే చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ టీవీ గొంతు ఈసారి స్పష్టంగా వినబడింది.

"మీ పళ్ళ డాక్టరమ్మ ఫోను అయిపోయిందిగా తాతగారూ, ఇక రక్తం ఎక్కించనా?"