నలభై రోజుల బిస్కెట్టు

"పాసయ్యానండోయ్!"

ఆవిడ కేకకి బేకరీ దద్దరిల్లింది. రస్కులు కట్టించుకుంటున్న బస్సు కండక్టరు బిత్తరపోయాడు.

ఆవిడ బేకరీ మాస్టరు భార్య. గోధుమ పడని జబ్బు. చిటికెడు పిండి లోపలికెళ్ళినా పేగులు పుండవుతాయి. పథ్యమే తప్ప మందు లేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మొగుడి చేతి బన్నుకి ఊరంతా లొట్టలేస్తుంటే, ఈవిడ కౌంటర్లో కూర్చుని పొట్లాలు కడుతుంది. ఒక్కసారి ఉండబట్టలేక చిన్న ముక్క తిని, మూడు రోజులు ఆసుపత్రిలో మెలికలు తిరిగింది. పాపం, దాని రుచి కూడా గుర్తులేదు.

అందుకే కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలియగానే పరుగెత్తి పేరిచ్చింది. రోజూ ఒక బిళ్ళ, దాని వెనకే ఆసుపత్రివాళ్ళు డబ్బాలో పెట్టిచ్చిన గోధుమ బిస్కెట్టు ఒకటి. నలభై రోజులు. ఎవరి బిళ్ళలో మందుందో, ఎవరిది ఉత్తుత్తి బిళ్ళో డాక్టరమ్మకి కూడా తెలియదు.

"నీకేమైనా పిచ్చా?" అని మాస్టరు నెత్తీనోరూ బాదుకున్నాడు. వింటేగా! చేసేదిలేక బిళ్ళా, బిస్కెట్టూ రోజూ తనే ప్లేట్లో పెట్టి అందించాడు.

"ఒక్క రోజు కడుపునొప్పి లేదు! రక్తపరీక్ష భేషుగ్గా ఉంది! వందమందిలో ఇంత బాగా ఎవరికీ పనిచెయ్యలేదట. డాక్టరమ్మకి కాళ్ళు నేలమీద నిలవట్లేదనుకోండి!" రిపోర్టు ఊపుకుంటూ కౌంటరు చుట్టూ గిర్రున తిరిగింది ఆవిడ. కండక్టరు హుషారొచ్చి ఈల వేశాడు.

మాస్టరు మాత్రం పొయ్యి దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇంకో నెల చూద్దామే."

"తొమ్మిదేళ్ళు చూశాను, చాలదూ? నా సంతోషం చూసి ఓర్వలేరు మీరు!"

అంటూనే ట్రేలోంచి పొగలు కక్కే బన్ను తీసింది. రెండుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచింది.

మాస్టరు ఒక్క గెంతు గెంతి బన్ను లాక్కున్నాడు. లాక్కుని పిండిబస్తా మీద కూలబడ్డాడు.

"నీకు దణ్ణం పెడతా, తినకే! నిన్ను మళ్ళీ ఆ ఆసుపత్రి మంచం మీద చూడలేక వాళ్ళ బిస్కెట్లు నలభై నేనే మింగేసి, అచ్చం అలాగే ఉండేట్టు బియ్యప్పిండితో కాల్చి పెట్టానే నీకు!"