నిమిషానికోసారి

రాత్రి రెండింటికి ఆసుపత్రి డేటాబేస్ సర్వర్ ఆపి, భద్రతా లోపాన్ని పూడ్చే ప్యాచ్ వేయాలి. పాత లాగిన్ పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా లోపలికి రాగలిగే లోపమది. ఆపే ముందు లోపల ఎవరున్నారో చూసుకోవాలి. జాబితాలో ఒక్క పేరు మిగిలింది. మా ఆయనది.

ఆయన పోయి నాలుగు నెలలు. ఆయన తర్వాత నాకిచ్చిన ఈ ఉద్యోగం, ఈ కుర్చీ ఆయనవే. ఆ లాగిన్ తీసెయ్యమని మేనేజర్ మూడుసార్లు చెప్పారు. నాకు చేతులు రాలేదు.

ఎవడో దొంగ దూరాడనుకుని, ఏం చేస్తున్నాడో చూశాను. రోగుల వివరాల జోలికి పోలేదు. నిమిషానికోసారి సర్వర్‌ని టైమెంతో అడుగుతున్నాడు, అంతే.

ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. ఇదే భవనంలో, మూడో అంతస్తులో, చివరి రాత్రంతా ఆయన నన్ను అడిగిందీ అదే. విసిగిపోయి, "ఎన్నిసార్లు చెప్పను, పడుకోండి" అన్నాను. తెల్లారేసరికి అడగడం మానేశారు.

ఫోన్ మోగింది. మేనేజర్.

"అందరూ బయటికొచ్చేశారా అమ్మా?"

"ఒకరున్నారు సార్."

"ఈ వేళప్పుడు ఎవరు? కనెక్షన్ కట్ చేసెయ్. ఆలస్యమైతే డాక్టర్లు నన్ను తినేస్తారు."

"అలాగే సార్."

కమాండ్ టైప్ చేసి, ఎంటర్ మీద వేలు పెట్టాను. గోడ గడియారం చూశాను.

"రెండూ పదైంది," అన్నాను ఖాళీ గదిలో.

నిమిషం గడిచింది. ఈసారి ప్రశ్న రాలేదు. పేరు మాత్రం అలాగే ఉంది.

ఫోన్ మళ్లీ మోగుతోంది. నేను వేలు తీసేసి, గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను.

"రెండూ పదకొండు," అన్నాను.